కప్పులో లవంగం

జూన్ 3, సోమవారం

పొద్దున బల్ల మీద కప్పులన్నీ వరసగా పెట్టారు. చెంచాతో జుర్రడం, నోట్లో తిప్పడం, పక్కన తొట్టిలో ఉమ్మడం, తీర్పు చెప్పడం. "ఇది బాగుంది. ఇది దారిలో తడిసింది. ఇది ఆరబెట్టినవాడు మధ్యలో కునుకు తీశాడు." జూనియర్ పిల్ల నా వెనకే నడుస్తూ రాసుకుంటుంది. మేనేజర్‌ని మేమందరం పెద్దాయన అంటాం. ఆయన కూడా నా మాటకి ఎదురు చెప్పడు. ఈ కంపెనీలో ఏ టీపొడి ప్యాకెట్లలోకి వెళ్ళాలో, ఏది వచ్చిన లారీలోనే వెనక్కి పోవాలో చెప్పేది నా నాలుక. గొప్పలు కావు. డైరీలో కూడా నిజం రాసుకోకపోతే ఇంకెక్కడ రాసుకుంటాను?

ఇంటికొచ్చాక బాల్కనీలో కుర్చీ, ఒక గ్లాసు. పొద్దుట్నుంచీ ఉమ్మే ఉద్యోగం నాది. సాయంత్రం ఒక్కటి మింగితే తప్పా?

మా అమ్మాయి, నా పిల్లది, కాలేజీ నుంచి వచ్చేలోపు గ్లాసు కడిగి బోర్లించి, లవంగం బుగ్గన పెట్టుకున్నాను. మామూలే.

జూన్ 6, గురువారం

అకౌంట్స్ మేడం రిటైర్మెంట్ పార్టీ. ఆడవాళ్ళ బల్ల వేరే పడింది. ఎవరూ వెయ్యలేదు, దానంతటదే పడింది. కప్పుల్ని చూసినట్టు మనుషుల్ని చూడడం నాకు అలవాటైపోయింది కాబట్టి కూర్చున్నంతసేపూ అదే పని.

తాగే ఆడవాళ్ళలో ఎన్ని రకాలో! ఒకావిడ కూల్‌డ్రింకులో కలిపించుకుని "ఇదేంటో వింతగా ఉందే" అంటుంది. మొదటిసారి అంటే సరే, మూడో గ్లాసుకి కూడా అదే వింత. ఇంకొకావిడ మొగుడు పక్కనున్నంతసేపూ ముట్టదు. ఆయన ఫోను మాట్లాడ్డానికి అవతలికి వెళ్ళగానే ఆయన గ్లాసే ఖాళీ చేస్తుంది. ఆయన తిరిగొచ్చి, అరె, నేనే తాగేశానా అనుకుంటాడు. సేల్స్‌లో ఒకావిడ చేతులెత్తి చాటింపు వేసి మరీ తాగుతుంది. ఆవిడ గ్లాసులో ఉన్నదానికంటే ఆవిడ గొంతులో ఉన్నదే ఎక్కువ. రిసెప్షన్ పిల్ల పార్టీ అంతా ఒకే గ్లాసుని ఫొటోల కోసం మోసింది. పాపం, చివరికి దాన్ని పూలకుండీలో పోసింది.

ఇక ఇళ్ళల్లో ఒంటరిగా తాగేవాళ్ళుంటారు. వాళ్ళు పార్టీల్లో అస్సలు ముట్టరు. మంచినీళ్ళు అడుగుతారు.

నేను మంచినీళ్ళు అడిగాను. పొద్దున్నే టేస్టింగ్ ఉంది కదా, అందుకు.

స్టోర్ అక్క నా పక్కనే కూర్చుంది. గోడౌన్ మొత్తం ఆవిడ చేతిలోనే ఉంటుంది. ఇద్దరం ఒకే ఏడాది చేరాం. అప్పట్నుంచీ మధ్యాహ్నం భోజనం కలిసే. ఆవిడ ముక్కుసూటి మనిషి. తాళాలగుత్తి బొడ్లో దోపుకుని పార్టీకి కూడా వచ్చేసింది.

"ఏమే, నీళ్ళు తాగుతున్నావ్? ఒంట్లో బాలేదా?"

"నేనెప్పుడైనా తాగానా?"

"తాగావని నేనన్నానా?"

అని నవ్వి పక్కకి తిరిగింది. ఆవిడ నవ్వు నాకెందుకో నచ్చలేదు.

జూన్ 10, సోమవారం

పిల్లది వంటింట్లో డబ్బా మూత తీసి "లవంగాలు మళ్ళీ అయిపోయాయా? మనం వీటితో వండేది ఏముందని?" అంది. పంటినొప్పి అన్నాను. "ఏ పన్ను?" అంది. ఎడమవైపు వేలు పెట్టి చూపించాను. "నిన్న కుడివైపు అన్నావు." లాయర్ కోర్సులో చేర్పించడం నాదే పొరపాటు.

ఇక్కడ ఒక సంగతి రాసుకోవాలి. ఈ విషయంలో నా అంత జాగ్రత్త ఎవరికీ ఉండదు. పుదీనా బిళ్ళలు వేసుకునేవాళ్ళున్నారు, తెలివితక్కువ మనుషులు. పుదీనా నాలుకని మొద్దుబార్చేస్తుంది, టీ రుచి చూసేవాళ్ళు దాని జోలికే పోకూడదు. యాలకులు నవ్విన ప్రతిసారీ గుట్టు బయటపెడతాయి. లవంగం అలా కాదు, మర్యాదస్తురాలు. వచ్చిన పని చూసుకుని వెళ్ళిపోతుంది. రెండుసార్లు వేడినీళ్ళు పుక్కిలిస్తే కడిగిన పలకలా ఉంటుంది నాలుక. ఇన్నేళ్ళ అనుభవంతో చెప్తున్నాను.

జూన్ 13, గురువారం

చెంచా కప్పు అంచుకి తగిలి టిక్కుటిక్కుమంది. ఏసీ ఎక్కువైంది. తగ్గించమన్నాను.

జూన్ 14, శుక్రవారం

ఏసీ కాదు.

ఇవాళ బయల్దేరే ముందు సీసా మూతతో ఒక మూతెడు వేసుకున్నాను. మందులాగా, గ్లాసులో కూడా పోసుకోలేదు. చెయ్యి రాయిలా నిలబడింది. వణికే చేత్తో టేస్టింగ్ చేస్తే కంపెనీకే నష్టం. అంటే ఒకరకంగా ఇది కూడా ఉద్యోగంలో భాగమే. మూతతో తాగేదాన్ని తాగడం అనరు.

దారిలో లవంగం. గేటు దగ్గర ఇంకోటి.

జూన్ 17, సోమవారం

ఈ రోజు ఒక దరిద్రం బయటపడింది. కొత్తగా వచ్చిన టీపొడి లాట్‌లో మొదటి కప్పు జుర్రగానే వెనకాల ఏదో గుచ్చుకుంది. మళ్ళీ తాగాను. లవంగం! టీపొడి దేని పక్కన పెడితే దాని వాసన పీల్చేసుకుంటుంది, దానికి సిగ్గుండదు. మా గోడౌన్ పక్క షెడ్డుని ఈమధ్యే మసాలా దినుసులవాళ్ళకి అద్దెకిచ్చారు. అప్పుడే అన్నాను నేను, వద్దని.

జూనియర్‌కి చెంచా ఇచ్చాను. జుర్రింది, కప్పులోకి చూసింది, తర్వాత నా మొహంలోకి చూసింది.

"చెప్పు."

"అవును మేడం. కొంచెం... ఉన్నట్టే ఉంది."

"కొంచెమా?"

"బాగానే ఉంది మేడం."

నేర్చుకుంటోంది పిల్ల. పెద్దాయన కూడా తాగి "మీరు చెప్పాక తెలుస్తోందండీ" అన్నాడు. లాట్ ఆపించాను.

జూన్ 18, మంగళవారం

మళ్ళీ లవంగం. ఈసారి అన్నిట్లోనూ.

జూన్ 20, గురువారం

గోడౌన్‌కి నేనే వెళ్ళాను. కిటికీలు మూసే ఉన్నాయి. పెట్టెల మీద రెండు పొరల పట్టా కప్పి ఉంది. అయినా వాసనకి తలుపులో సందు చాలు.

"సందు లేదు" అంది స్టోర్ అక్క. "కావాలంటే మోకాళ్ళ మీద కూర్చుని చూసుకో."

"నా నాలుక అబద్ధం చెప్తోందంటావా?"

"నీ నాలుక సంగతి నాకు తెలీదు. నా గోడౌన్ సంగతి తెలుసు. మసాలావాళ్ళ లారీ వచ్చిన రోజు ఎండలో నిలబడి మరీ తలుపులు వేయించాను. వాళ్ళు ఇటువైపు తుమ్మితే కూడా ఊరుకోను నేను."

"అక్కా, ఇది స్నేహం కాదు, పని."

ఆవిడ నా మొహానికి దగ్గరగా వచ్చింది. ఒకసారి గాలి పీల్చింది. తాళాలగుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"సరే. నీకు ఏది కనిపిస్తే అదే రాసుకో" అంది.

మధ్యాహ్నం భోజనానికి నేను వెళ్ళలేదు. ఆవిడా రాలేదు. నాకేం బాధ లేదు. పని విషయంలో నేను మొహమాటపడి ఉంటే ఇంతదాకా వచ్చేదాన్నా?

సాయంత్రం రెండు గ్లాసులు. పోట్లాడిన రోజు లెక్కలోకి రాదు.

జూన్ 23, ఆదివారం

పిల్లది స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది, రేపు అటునుంచి అటే కాలేజీ. ఇల్లంతా నాదే. పొద్దున్నుంచీ బాల్కనీలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. దాచాల్సింది లేదు, కడగాల్సింది లేదు, బుగ్గన పెట్టుకోవాల్సింది లేదు. ఎంత హాయిగా ఉందో! ఎవరూ లేనప్పుడు నేను చాలా మంచిదాన్ని.

సంచిలో ఆ పాడు లాట్ శాంపిల్ ఉంటే ఇంట్లో కాచి చూశాను. ఆశ్చర్యం, లవంగం లేదు. శుభ్రంగా, తేటగా, చివర్న చిన్న తీపితో, అసలు ఈ ఏడాది వచ్చినవాటిలో ఇంత మంచిది లేదేమో. జూనియర్ పొట్లాం మార్చి పెట్టి ఉంటుంది. రేపు దానికి ఉంది నా చేతిలో.

జూన్ 24, సోమవారం

పొట్లాం మార్చలేదట. ఏడ్చింది. ఆఫీసులో అదే లాట్ మళ్ళీ కాయించి తాగాను. లవంగమే!

ఇంటి నీళ్ళ తేడా అయ్యుండాలి.

జూన్ 25, మంగళవారం

పెద్దాయన పిలిచాడు. ఆపిన లాట్లు గోడలా పేరుకున్నాయట, బయటి దేశం ఆర్డరు ఆలస్యం అవుతోందట. ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి. శుక్రవారం టేస్టింగ్ రూములోనే అందరి ముందూ తేలుస్తాడట. నేను కప్పు తాగి "లవంగం ఉంది" అంటే చాలు, స్టోర్ అక్కని ఆ రోజే పంపించేస్తారు.

"ఆవిడ మీకు స్నేహితురాలని తెలుసు. ఇబ్బంది లేదు కదండీ?"

"రుచిలో స్నేహాలుండవు సర్" అన్నాను. బాగా వచ్చింది ఆ మాట. బయటికొచ్చాక కూడా ఒకసారి నాలో నేను అనుకున్నాను.

స్టోర్ అక్క మొగుడు కదల్లేడు, మంచానికే అంకితం. ఇల్లు నడిచేది ఆవిడ జీతం మీదే. అది నాకు తెలుసు. కానీ గోడౌన్ తలుపుకీ దానికీ ఏం సంబంధం?

పొద్దున మూత చాలడం లేదు. మూతలు కూడా చిన్నవి చేస్తున్నారు ఈమధ్య.

జూన్ 27, గురువారం

పిల్లది సోఫాలో నా ఒళ్ళో తల పెట్టుకుంది. ఎన్నాళ్ళైందో. పరీక్షల భయం. జుట్టులో వేళ్ళు పెట్టి నిమురుతుంటే కళ్ళు మూసుకునే అంది, "చిన్నప్పుడు నీ దగ్గర టీ వాసన వచ్చేదమ్మా. పడుకుంటే టీపొడి డబ్బాలో పడుకున్నట్టుండేది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు లవంగం. ఎప్పుడూ లవంగమే. పొద్దున లేపినప్పుడు, రాత్రి గుడ్‌నైట్ చెప్పినప్పుడు. నీ దిండుకి కూడా అదే వాసన."

నా చెయ్యి ఆగిపోయింది. "ఏంటమ్మా?" అంది. ఏం లేదన్నాను.

ఏం లేదు. ఏం లేదు.

జూన్ 28, శుక్రవారం, పొద్దున

ఆఫీసులో రాస్తున్నాను. ఇంకా ఎవరూ రాలేదు. తలుపు గడియ పెట్టుకున్నాను.

మామూలుగానే బయల్దేరాను. మూత, ఇంకో మూత, దారిలో లవంగం, గేటు దగ్గర లవంగం. వచ్చి కెటిల్ పెట్టాను. టీపొడి వెయ్యలేదు. ఒట్టి వేడినీళ్ళు తెల్లకప్పులో పోసుకుని, మామూలు పద్ధతిలో రెండుసార్లు పుక్కిలించి, చెంచాతో జుర్రాను.

లవంగం.

కప్పు మార్చాను. చెంచా మార్చాను. కొళాయి నీళ్ళు తీసేసి ఫిల్టర్ నీళ్ళు కాచాను. ఎన్ని కప్పులు మార్చానో తెలీదు. బల్లంతా తెల్లటి నీళ్ళ కప్పులే. అన్నిట్లోనూ లవంగం.

నాకు భయమేస్తోంది. ఇలాంటి భయం నాకు తెలీదు, ప్రసవమప్పుడు కూడా ఇంత లేదు. ఇన్ని రోజులు నేను నా నోటిని రుచి చూసి గోడౌన్ మీద తీర్పు చెప్పాను. అందరూ నా మొహం చూసి అవునన్నారు. ఒక్కావిడ కాదంది.

ఊరుకుంటే? ఊరుకోవచ్చు. ఈ పూట ఒక్కమాట చాలు, పెద్దాయన సంతకం పెడతాడు, అక్క వెళ్ళిపోతుంది. రేపట్నుంచి లవంగం మానేసి ఇంకేదైనా చూసుకుంటాను. సోంపు. సోంపు గురించి ఆలోచిస్తున్నాను! ఇది రాస్తూ కూడా సోంపు గురించే ఆలోచిస్తున్నాను. ఛీ.

మెట్ల మీద అడుగులు. తాళాల చప్పుడు కూడా.

జూన్ 28, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పెద్దాయన, జూనియర్, ఆఫీసువాళ్ళు ఇంకో ఇద్దరు. స్టోర్ అక్క తలుపు దగ్గర నిలబడింది. ఇస్త్రీ చీర కట్టుకొచ్చింది. పనిలోంచి తీసేస్తారని తెలిసి ఇస్త్రీ చీర కట్టుకొచ్చింది! బల్ల మీద ఆ లాట్ కప్పు నాకోసం సిద్ధంగా ఉంది.

"కానివ్వండి మేడం" అన్నాడు పెద్దాయన.

నేను ఆ కప్పు పక్కకి జరిపాను. కెటిల్ తీసుకుని ఖాళీకప్పులో వేడినీళ్ళు పోశాను. అందరూ చూస్తుండగా జుర్రి, నోట్లో తిప్పి, ఉమ్మి, రోజూ తీర్పు చెప్పే గొంతుతోనే చెప్పాను.

"లవంగం. బాగా ఉంది. లవంగం వెనకాల ఇంకో వాసనుంది. దాన్ని దాచడానికే ఈ లవంగం."

"అవి ఒట్టి నీళ్ళండీ" అన్నాడు పెద్దాయన.

"అవును సర్. వాసన కప్పులో లేదు, నా నోట్లో ఉంది. పొద్దున్నే తాగి వస్తున్నాను. తెలీకుండా ఉండాలని లవంగం నములుతున్నాను. గోడౌన్‌లో ఏ తప్పూ లేదు."

నా గొంతు వణకలేదు. చెయ్యి కూడా వణకలేదు, పొద్దున వేసుకున్నది ఇంకా పనిచేస్తోంది కదా. ఆ మాట కూడా పైకే అన్నట్టున్నాను.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. నేను జూనియర్‌ని పిలిచి చెంచా చేతిలో పెట్టాను.

"ఆ లాట్ తాగి చెప్పు. నా మొహం చూడకు. కప్పు చూడు."

పిల్ల చెంచా ముంచింది. కళ్ళు గట్టిగా మూసుకుని జుర్రింది. చాలాసేపు నోట్లో తిప్పింది.

"శుభ్రంగా ఉంది మేడం. చివర్న కొంచెం తీపి కూడా ఉంది. మొదట్నుంచీ ఉంది."

ఆ 'మొదట్నుంచీ' అన్నప్పుడు దానికి ఏడుపొచ్చింది. నాకు మాత్రం, ఏం చెప్పను, గర్వంగా అనిపించింది. తీపి పట్టేసింది పిల్ల!

పెద్దాయన అందర్నీ పంపించి నాతో మాట్లాడాడు. బయటికి రాగానే వరండాలో స్టోర్ అక్క నన్ను పట్టుకుంది.

"నువ్వు తాగుతావని నాకు ఎప్పుడో తెలుసు. అది నీ ఇల్లు అనుకుని ఊరుకున్నాను. గోడౌన్ నా ఇల్లు కదే. అందులోకి ఎందుకొచ్చావ్?"



"అక్కా..."

"ఇప్పుడు మాట్లాడకు. చెయ్యి చేసుకుంటానేమో. పెద్దాయన ఏమన్నాడు?"

"సెలవు పెట్టమన్నాడు. తర్వాత చూద్దామన్నాడు. తీసేస్తాడేమో."

"డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నావ్?"

"సోమవారం..."

"రేపు. నేను వస్తాను. కోపంగానే వస్తాను, దారిలో పలకరించకు."

పిల్లదానికి ఇంటికొచ్చి నేనే చెప్పాను. తనకి తెలుసట. "పన్ను మారినప్పుడే తెలుసమ్మా" అంది. నా పిల్ల మంచి లాయరవుతుంది.

జూన్ 29, శనివారం

డాక్టరమ్మ నాకంటే చిన్నది. ఎప్పుడెప్పుడు, ఎవరితో, ఎంత అని అడిగింది. సాయంత్రం ఒక గ్లాసు అన్నాను. అలవాటైన అబద్ధం, ఎంత సులువుగా జారిందో! పక్క కుర్చీలో స్టోర్ అక్క తాళాలగుత్తి ఒక్కసారి గలగలలాడించింది.

మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. మూతలతో సహా.

ఒక్కసారిగా సొంతంగా మానెయ్యకూడదట, ప్రమాదమట, మందులతో చూసుకుంటూ మాన్పిస్తారట. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉండాలి. "నాలాంటివాళ్ళు చాలామంది వస్తారా?" అని అడిగాను. "ఆడవాళ్ళు వస్తారు, కానీ చాలా ఆలస్యంగా వస్తారు. దాచడం బాగా వచ్చు కదా" అంది. పార్టీలో నేను లెక్కపెట్టిన రకాలన్నీ గుర్తొచ్చాయి. చివరి రకం గురించి అంత బాగా నాకెలా తెలుసో అప్పుడే ఆలోచించాల్సింది.

జూలై 2

ఆసుపత్రి మంచం. చెమటలు. రాయలేను.

జూలై 5

చెయ్యి నా మాట వింటోంది, కొంచెం. స్టోర్ అక్క వచ్చి క్యారియర్ పెట్టి వెళ్ళింది. పలకరించలేదు. రెండు చెంచాలు పెట్టింది, కానీ కూర్చోలేదు.

జూలై 11, గురువారం

ఇవాళ కూర్చుంది. సగం తిన్నాక అంది, "మీ జూనియర్ ఒక లారీ వెనక్కి పంపించింది. తడిసిందట. పెద్దాయన గొణిగితే, మీరూ తాగి చూడండి సర్ అందట."

"నిజంగానే తడిసిందా?"

"తడిసింది. నేను ముట్టుకుని చూశాను."

నా ఉద్యోగం గురించి ఆవిడేం చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ కుర్చీ మళ్ళీ నాకు దొరుకుతుందో లేదో తెలీదు. దొరక్కపోతే ఇంకో పని చేస్తాను. చేతకానిదాన్నేం కాదు.

ఆవిడ గ్లాసులో మంచినీళ్ళు పోసి నా ముందు పెట్టింది. నాకు తెలీకుండానే జుర్రాను. నోట్లో తిప్పాను. పక్కన తొట్టి కోసం చూసి, లేదని గుర్తొచ్చి, మింగేశాను.

"ఏముంది?" అంది అక్క.

మళ్ళీ ఒక గుక్క తాగాను, ఈసారి నెమ్మదిగా, తొందరపడి తీర్పు చెప్పకుండా.

"ఏం లేదక్కా. నీళ్ళే."